విండోస్ మారాక కంప్యూటర్ మొరాయిస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి



పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయిపోయాక ఈ మధ్య చాలామంది అడుగుతున్న మాటలు ఇవి. "ఇంట్లో సిస్టమ్‌కి విండోస్ 11 వేశాక సౌండ్ రావట్లేదు మేడమ్." "పాప చేసుకున్న ప్రాజెక్టు ఫైలు కనిపించట్లేదు." "ప్రింటర్ అసలు పలకడం లేదు." వీటి వెనకే ఇంకో మాట కూడా వస్తోంది. "షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నారు. కొట్టించేయమంటారా?"

తొందరపడకండి. విండోస్ మారాక మామూలుగా ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటిని కాస్త ఓపిక ఉంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. ఫార్మాట్ కొడితే మాత్రం ఆ డ్రైవులో ఉన్నవన్నీ పోతాయి. పిల్లల ప్రాజెక్టులు, నోట్సు, స్కాన్ చేసి దాచిన సర్టిఫికెట్లు, ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. డబ్బులు పెడితే కంప్యూటర్ ఇంకోటి వస్తుంది. పిల్లవాడు నెలరోజులు కూర్చుని చేసిన పని రాదు. లెక్క తప్పితే నోటుబుక్కు చింపేయం కదా, ఏ స్టెప్‌లో తప్పిందో వెనక్కి వెళ్లి చూస్తాం. కంప్యూటర్‌ విషయంలోనూ అదే చేద్దాం.

మెనూల పేర్లు తెరపై ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. అవే పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో, నొక్కాల్సిన వరుసలో ఇస్తున్నాను. అప్‌డేట్‌ను బట్టి ఒకటి రెండు చోట్ల పేరు కొద్దిగా మారవచ్చు. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైన ఉండే సెర్చ్ పెట్టెలో ఆ పేరు టైప్ చేస్తే చాలు.

అసలు ఏం మారింది?

2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగించింది. ఆ తర్వాత కూడా ఆ కంప్యూటర్లు పనిచేస్తూనే ఉన్నాయి. కాకపోతే కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు మామూలుగా రావడం ఆగిపోయింది. అందుకే చాలా ఇళ్లలో విండోస్ 11కి మారుతున్నారు. అసలైన విండోస్ 10 ఉండి, అర్హత ఉన్న కంప్యూటర్‌కి ఈ మార్పు ఉచితం. లైసెన్సు పేరుతో ఎవరైనా విడిగా డబ్బులడిగితే, దేనికో అడిగి తెలుసుకోండి.

అన్ని కంప్యూటర్లకూ ఆ అర్హత ఉండదు. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లయితే చాలావరకు ఎనిమిదో తరం, ఆపై తరాలవి సరిపోతాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' ప్రోగ్రామ్ మీ కంప్యూటర్ సంగతి చెప్పేస్తుంది.

అర్హత లేని కంప్యూటర్‌లో కూడా అడ్డదారిన విండోస్ 11 వేసి ఇచ్చేవాళ్లున్నారు. అలా వేస్తే ముందు ముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అలాంటి పాత కంప్యూటర్ ఉన్నవారికి ఇంకో దారి ఉంది. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపు పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిచి అందులో చేరవచ్చు.

మారాక ఇబ్బందులు ఎందుకు వస్తాయి?

ముఖ్యంగా మూడు కారణాలు.

మొదటిది డ్రైవర్. ప్రింటర్, వైఫై, స్పీకరు, కెమెరా వంటి ప్రతి పరికరానికీ విండోస్‌కీ మధ్య డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ దుబాసీలా పనిచేస్తుంది. విండోస్ కొత్తదై దుబాసీ మాత్రం పాతవాడే మిగిలితే ఇద్దరికీ మాట కుదరదు. పరికరం బాగానే ఉంటుంది, అది చెప్పేది మాత్రం విండోస్‌కి అర్థం కాదు.

రెండోది సెట్టింగులు. ఏ స్పీకరులో శబ్దం రావాలి, ఏ ప్రింటర్‌లో కాగితం రావాలి, ఏ ప్రోగ్రామ్‌కి మైకు వాడుకునే అనుమతి ఉంది అన్నవి కొన్నిసార్లు మారిపోతాయి. కొత్తగా వచ్చిన క్లాస్ టీచర్ హాజరు మళ్లీ మొదటి నుంచి పిలిచినట్టే ఇది.

మూడోది సామర్థ్యం. కొత్త విండోస్ ఎక్కువ చోటు, ఎక్కువ ర్యామ్ అడుగుతుంది. పాత కంప్యూటర్ అంతవరకూ లాక్కొచ్చింది, ఇప్పుడు ఆయాసపడుతుంది.

ఏ ఇబ్బంది వచ్చినా ఈ మూడింటిలో ఏది కారణమో ఆలోచిస్తే సగం పని అయిపోయినట్టే.

ఏది ముట్టుకునేముందైనా మూడు పనులు

ఒకటి, ముఖ్యమైన ఫైళ్లు కాపీ తీసుకోండి. కంప్యూటర్ ఎంత నెమ్మదిగా ఉన్నా, తెరుచుకుంటోందంటే ముందు ఆ పని చేయండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను పెన్ డ్రైవ్‌కో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కో కాపీ చేసి, దాన్ని తీసి పక్కన పెట్టండి. మిగతా ప్రయోగాలన్నీ ఆ తర్వాతే.

రెండు, రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం, రీస్టార్ట్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ చేస్తే విండోస్ తన లోపలి స్థితిలో కొంత దాచుకుని, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. రీస్టార్ట్ చేస్తే అంతా కొత్తగా లోడ్ అవుతుంది. అందుకే షట్‌డౌన్‌తో పోని ఇబ్బంది రీస్టార్ట్‌తో పోవచ్చు.

మూడు, మిగిలిన అప్‌డేట్లు పూర్తి చేయండి. సెట్టింగ్స్ → విండోస్ అప్‌డేట్‌లో 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కండి. అక్కడే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ → ఆప్షనల్ అప్‌డేట్స్‌లో 'డ్రైవర్ అప్‌డేట్స్' అనే జాబితా ఉంటే, మొరాయిస్తున్న పరికరానికి సంబంధించినది అందులో ఉందేమో చూడండి. చాలామంది ఈ పేజీ తెరవరు. కావలసిన దుబాసీ అక్కడే ఉండవచ్చు.

వీటితో పాటు విండోస్ 11కి మారిన తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి. దాని అవసరం ముందు చెబుతాను.

నెమ్మదిగా ఉంది, హ్యాంగ్ అవుతోంది

మారిన మొదటి ఒకటి రెండు రోజులు ఇది మామూలే. విండోస్ లోపల ఫైళ్ల జాబితా మళ్లీ తయారు చేసుకుంటుంది, వైరస్ తనిఖీ చేస్తుంది, మిగిలిన అప్‌డేట్లు దించుకుంటుంది. చార్జర్ పెట్టి, ఇంటర్నెట్ ఇచ్చి, కొన్ని గంటలు ఆన్‌లో వదిలేయండి. మధ్యలో విసిగి పవర్ బటన్ నొక్కి ఆపొద్దు.

తర్వాత కూడా తగ్గకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'స్టార్టప్ యాప్స్' చూడండి. కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములు అక్కడుంటాయి. గేములు, చాట్ ప్రోగ్రాములు వంటి అక్కర్లేనివాటిని డిజేబుల్ చేయండి. యాంటీవైరస్ జోలికి వెళ్లొద్దు.

స్టోరేజీ కూడా చూడండి. సెట్టింగ్స్ → సిస్టమ్ → స్టోరేజ్‌లో సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే 'టెంపరరీ ఫైల్స్' తెరవండి. అక్కడ రెండు జాగ్రత్తలు. 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్' చెరిపేస్తే పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. 'డౌన్‌లోడ్స్' ముందు టిక్కు పెడితే ఆ ఫోల్డరులో ఉన్న హాల్ టికెట్లు, ఫీజు రసీదులు కూడా పోతాయి. ఆ రెండింటినీ చూడకుండా టిక్కు పెట్టొద్దు.

ఇవన్నీ చేసినా కంప్యూటర్ లేవడానికే చాలాసేపు పడుతోందంటే, లోపల పాత తరహా హార్డ్ డిస్క్ ఉందేమో కనుక్కోండి. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించడం, 4 జీబీ ర్యామ్ ఉంటే 8 జీబీ చేయించడం కొత్త కంప్యూటర్ కొనడం కంటే చాలా తక్కువ ఖర్చు. పిల్లల చదువు అవసరాలకు మామూలుగా అది సరిపోతుంది.

సౌండ్ లేదు, మైకు లేదు, కెమెరా నల్లగా ఉంది

ఆన్‌లైన్ క్లాసు మొదలయ్యే సమయానికి ఇంట్లో కంగారు పుట్టించేది ఇదే.

సౌండ్ కోసం సెట్టింగ్స్ → సిస్టమ్ → సౌండ్ తెరవండి. 'అవుట్‌పుట్' కింద ఏ పరికరం ఎంచుకుని ఉందో చూడండి. మానిటర్‌నో, ఎప్పుడో కలిపిన బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌నో ఎంచుకుని ఉంటే స్పీకరులో శబ్దం రాదు. స్పీకర్స్ మీద నొక్కితే చాలు.

మైకు, కెమెరాల కోసం సెట్టింగ్స్ → ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో 'కెమెరా', 'మైక్రోఫోన్' పేజీలు వేరువేరుగా ఉంటాయి. పైనున్న బటన్లు, కిందనున్న 'డెస్క్‌టాప్ యాప్స్' బటన్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. క్లాసు బ్రౌజర్‌లో జరిగేదైతే బ్రౌజర్‌కి కూడా విడిగా అనుమతి ఇవ్వాలి. అడ్రస్ రాసే పెట్టెకి ఎడమవైపు ఉన్న చిన్న గుర్తు మీద నొక్కితే ఆ అనుమతులు కనిపిస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కెమెరాకి చిన్న మూత ఉంటుంది. అది జరిపి ఉందేమో ముందే చూడడం మంచిది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పనిచేయకపోతే దుబాసీ వంతు. స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి బటన్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు రంగు త్రికోణం గుర్తున్న పరికరం మీద కుడి బటన్ నొక్కి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. విండోస్ తనంతట తానే డ్రైవర్‌ని మళ్లీ వేసుకునే ప్రయత్నం చేస్తుంది. అలా కాకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి విండోస్ 11 డ్రైవర్ దించుకోండి. మోడల్ నంబరు ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీద ఉంటుంది. 'అన్ని డ్రైవర్లూ మేమే వేసేస్తాం' అని ప్రకటనలిచ్చే ప్రోగ్రాముల జోలికి మాత్రం వెళ్లొద్దు.

వైఫై రావట్లేదు, ప్రింటర్ పలకట్లేదు

వైఫై ఫోన్లలో కూడా రాకపోతే తప్పు రూటర్‌ది. ఫోన్లలో వచ్చి కంప్యూటర్‌లోనే రాకపోతే ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. తర్వాత మీ వైఫై పేరు మీద 'ఫర్‌గెట్' నొక్కి, పాస్‌వర్డ్ ఇచ్చి మళ్లీ కలపండి. అప్పటికీ కుదరకపోతే సెట్టింగ్స్ → నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ → అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ రీసెట్' ఉంది. అది చేస్తే దాచుకున్న వైఫై పాస్‌వర్డులు పోతాయి కాబట్టి ముందే రాసిపెట్టుకోండి.

డ్రైవర్ దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఇలాంటి చిక్కు పడితే ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. ఫోన్ ఇంటర్నెట్ కంప్యూటర్‌కి వచ్చేస్తుంది.

ప్రింటర్ కోసం సెట్టింగ్స్ → బ్లూటూత్ అండ్ డివైసెస్ → ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరవండి. ఆగిపోయిన పాత ప్రింటులు వరుసలో ఉంటే రద్దు చేయండి. ఆ తర్వాత ప్రింటర్‌ని 'రిమూవ్' చేసి, కేబుల్ తీసి పెట్టి, 'యాడ్ డివైస్' ద్వారా మళ్లీ చేర్చండి. 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, మీ ప్రింటర్‌ని మీరే డిఫాల్ట్‌గా పెట్టుకోండి. ప్రింటు ఇచ్చిన ప్రతిసారీ పీడీఎఫ్ ఫైలు తయారవుతోందంటే, విండోస్ మీ ప్రింటర్‌కి బదులు 'ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకుందని అర్థం.

ఫైళ్లు కనిపించడం లేదు

గుండె జారిపోయే సందర్భం ఇదే. అయినా ఫైలు కనిపించకపోవడం వేరు, పోవడం వేరు. ఈ వరుసలో వెతకండి.

ముందు వన్‌డ్రైవ్ చూడండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి బ్యాకప్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డరులోకి మారతాయి. ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది ఇంటర్నెట్‌లో ఉందని, తెరవాలంటే నెట్ కావాలని అర్థం. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ మాత్రమే. అది నిండితే కొత్త ఫైళ్లు అక్కడికి చేరడం ఆగిపోతుంది. చోటు కోసం వన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు చెరిపేస్తే కంప్యూటర్‌లోనూ పోతాయి. ముందు వేరే చోటికి కాపీ చేసుకోండి.

తర్వాత ఏ యూజర్‌గా లాగిన్ అయ్యారో చూడండి. కంప్యూటర్‌లో అమ్మ పేరుతో ఒకటి, పిల్లల పేరుతో ఒకటి ఉంటే ఒకరి ఫైళ్లు ఇంకొకరికి కనిపించవు. 'టెంపరరీ ప్రొఫైల్' అన్న సందేశం వస్తే అందులో కొత్త పనేమీ చేయకుండా రీస్టార్ట్ చేయండి. అక్కడ దాచినవి లాగౌట్ కాగానే పోతాయి.

ఆ తర్వాత సీ డ్రైవ్‌లో 'విండోస్ ఓల్డ్' అనే ఫోల్డరు వెతకండి. దానిలోపల 'యూజర్స్' ఫోల్డరులో పాత ఫైళ్లు ఉండవచ్చు. ఈ ఫోల్డరు అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. తేదీ రాసుకోమన్నది అందుకే.

తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తున్నాయి

తెలుగు ప్రాజెక్టులు, ఆహ్వాన పత్రాలు, పద్యాల చార్టులు చేసుకునే ఇళ్లలో ఇది ప్రత్యేకమైన ఇబ్బంది. ఇందులో రెండు రకాలు.

ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది అను వంటి పాత పద్ధతి ఫాంట్లతో టైప్ చేసినది. ఆ ఫాంట్లు లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకుంటాయి. కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేస్తే ఆ ఫాంటు పోతుంది, బొమ్మ పోయి కిందనున్న ఇంగ్లీషు అక్షరం బయటపడుతుంది. ఫైలు పాడవలేదు, చెరిపేయకండి. అదే ఫాంటు మళ్లీ వేస్తే అక్షరాలన్నీ తిరిగొస్తాయి.

గౌతమి, వాణి ఫాంట్లతో చేసిన ఫైలు రూపం మారితే, సెట్టింగ్స్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్' వెతికి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' చేర్చుకోండి. ఇవి యూనికోడ్ ఫాంట్లు కాబట్టి అక్షరాలకు ఏ ప్రమాదమూ లేదు.

తెలుగు టైపింగ్ ఆగిపోతే సెట్టింగ్స్ → టైమ్ అండ్ లాంగ్వేజ్ → లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో తెలుగు చేర్చండి. భాష పక్కన ఉండే ఆప్షన్స్‌లో కీబోర్డు ఎంచుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ అలవాటు లేని పిల్లలకు 'తెలుగు ఫొనెటిక్' సులువు, 'అమ్మ' రావాలంటే ఇంగ్లీషు అక్షరాలతో ఆ ఉచ్చారణ కొడితే చాలు. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే తెలుగు, ఇంగ్లీషు మారుతుంటాయి.

తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది

కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కులోని సమాచారం తాళం వేసి ఉంటుంది. పెద్ద మార్పులు జరిగినప్పుడు 'ఎవరో కొత్తవాళ్లు తెరుస్తున్నారేమో' అన్న అనుమానంతో అది నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఇది వైరస్ కాదు. ఆ ల్యాప్‌టాప్‌ని మొదట సెట్ చేసినప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఫోన్‌లో లాగిన్ అయితే మామూలుగా ఆ కీ అక్కడ ఉంటుంది. కీ దొరక్కపోతే ఆ డిస్కులో ఉన్నవి మైక్రోసాఫ్ట్ కూడా తీసివ్వలేదు. కాబట్టి అంతా బాగున్న రోజునే ఆ కీ చూసి, కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి. ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే, ఫైళ్లు కాపీ చేసుకున్నాక, ఇది చేయండి.

ఏదీ కుదరకపోతే, ఈ వరుసలో

పెద్ద చికిత్సలన్నీ సెట్టింగ్స్ → సిస్టమ్ → రికవరీ పేజీలోనే ఉంటాయి. తక్కువ నష్టం కలిగించేదానితో మొదలుపెట్టాలి.

మొదట 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్'. ఇది విండోస్‌ని మాత్రమే మళ్లీ వేస్తుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు ఉంటాయి.

రెండు, 'గో బ్యాక్'. మారి 10 రోజులు దాటకపోతే విండోస్ 10కి వెనక్కి వెళ్లవచ్చు. ఫైళ్లు ఉంటాయి, మారాక వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. వెనక్కి వెళితే పైన చెప్పిన పొడిగింపు పథకంలో చేరడం మరవొద్దు.

మూడు, 'రీసెట్ దిస్ పీసీ'. ఇందులో రెండు దారులున్నాయి. 'కీప్ మై ఫైల్స్' అంటే ఫైళ్లుంచి ప్రోగ్రాములు తీసేస్తుంది. 'రిమూవ్ ఎవ్రీథింగ్' అంటే అన్నీ పోతాయి. ఆ రెండో మాట చదవకుండా నొక్కొద్దు.

షాపుకి తీసుకెళ్లాల్సి వస్తే ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మా ఫైళ్లు కాపీ తీశాకే మొదలుపెడతారా? విండోస్ మళ్లీ వేస్తారా, డ్రైవ్ మొత్తం ఫార్మాట్ చేస్తారా? వేసేది అసలైన విండోసేనా? జవాబు తేలికగా రాకపోతే ఇంకో షాపు చూసుకోవడం మంచిది.

ఫోన్ చేసి 'సరిచేస్తాం' అనేవాళ్లు

విండోస్ మారిన కొత్తలో ఏ సందేశం అసలుదో, ఏది నకిలీదో గుర్తుపట్టడం కష్టం. మోసగాళ్లకు అదే అవకాశం. బ్రౌజర్‌లో తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, సైరన్ మోగి, 'ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ఉంటే అది మోసం. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి బ్రౌజర్‌ని మూసేయండి. మూతపడకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి అక్కడ నుంచి ఆపండి.

మైక్రోసాఫ్ట్ నుంచి అంటూ ఎవరైనా ఫోన్ చేసి ఎనీడెస్క్, టీమ్ వ్యూయర్ లాంటివి వేయమంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. అవి మంచి ప్రోగ్రాములే, తెలియనివాడి చేతికి మీ కంప్యూటర్ ఇవ్వడమే ప్రమాదం. ఈ సంగతి పిల్లలకు, ఇంట్లో తాతయ్య అమ్మమ్మలకు కూడా చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి

కంప్యూటర్ ఆగిపోగానే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట "ఏం నొక్కావురా?" పైన చెప్పిన కారణాలు ఇంకోసారి చూడండి. వాటిలో దేనికీ పిల్లవాడు బాధ్యుడు కాడు. తిట్టు పడుతుందని తెలిసిన పిల్లలు తెర మీద వచ్చిన సందేశాన్ని చటుక్కున మూసేస్తారు, జరిగింది చెప్పరు. అప్పుడు కారణం కనుక్కునే దారి కూడా మూసుకుపోతుంది. "ఏం కనిపించింది, చెప్పు" అని అడిగితే, ఆరో తరగతి పిల్లలు కూడా చాలా వివరంగా చెబుతారు.

ఒక పాత నోటుబుక్కు తీసి పిల్లలతో నాలుగు గళ్లు గీయించండి: తేదీ, వచ్చిన ఇబ్బంది, చేసిన మార్పు, ఫలితం. నియమం ఒక్కటే, ఒకసారికి ఒకే మార్పు. మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. సైన్సు ల్యాబ్‌లో మేం నేర్పేదీ ఇదే. అక్కడ మార్కుల కోసం రాసే పరిశీలన, ఫలితం ఇక్కడ ఇంటి అవసరం కోసం రాస్తారు. తెర మీది ఎర్రర్ సందేశాన్ని ఫోన్‌లో ఫొటో తీసే పని కూడా వాళ్లకే ఇవ్వండి. షాపుకి వెళ్లినా, కంపెనీకి ఫోన్ చేసినా ఆ నోటుబుక్కు, ఆ ఫొటో చూపిస్తే సగం సమయం కలిసొస్తుంది.

ప్రాజెక్టుల విషయంలో మా వైపు నుంచి ఒక మాట. కంప్యూటర్ ఇబ్బంది వల్ల పని ఆలస్యమైతే డైరీలో రెండు ముక్కలు రాసి పంపండి, క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. గడువు భయంతో రాత్రికి రాత్రి ఫార్మాట్ కొట్టించి ఉన్న పనిని కూడా పోగొట్టుకోవద్దు. ఈ ఆదివారం ఒక పెన్ డ్రైవ్ తీసుకుని, పిల్లల ఫోల్డరు వాళ్ల చేతే కాపీ చేయించి, దాని మీద పేరు రాసిన చీటీ అంటించండి. ఆ తర్వాత కంప్యూటర్ ఎంత మొరాయించినా, మీరు నిదానంగా ఒక్కో స్టెప్ చూసుకోవచ్చు.